చెల్లికి జీన్ పరీక్ష అంటున్నారు, చేయించాలా?

కాశీనగర్ నుంచి ఒక అక్క రాసిన ప్రశ్నకి ఇది జవాబు. వాళ్ల చెల్లికి పదిహేడేళ్లు, ఎనిమిది వందల మీటర్లు పరిగెడుతుంది. జూనియర్స్‌లో ఒడిశా తరఫున దిగింది. ఇప్పుడు బయటి దేశంలో జరిగే పోటీకి పంపే మాట నడుస్తోంది. "ఉమ్మి తీసి ఆడో మగో తేల్చే పరీక్ష ఒకటి చేయాలి, రెడీగా ఉండండి" అని కోచ్ అన్నారట. ఆ అమ్మాయి ఇంకా పెద్దమనిషి కాలేదు. వాళ్లమ్మ భయపడిపోయి "తెలియకపోతేనే నయం, పరుగు మాన్పించేద్దాం" అంటున్నారు. పరీక్ష చేయించాలా, మానేయాలా, ఏదైనా తేడా వస్తే ఊళ్లో ఎలా తిరుగుతాం అని ఆ అక్క అడిగారు.

అమ్మా, ముందు సూటిగా చెప్పేస్తాను. పరుగు మాన్పించకండి. అలాగని కోచ్ చెప్పారు కదా అని రేపే వెళ్లి శాంపిల్ ఇచ్చేయకండి. పదిహేడేళ్లొచ్చినా నెలసరి మొదలవకపోవడం ఆరోగ్యానికి సంబంధించిన సంగతి. మీ చెల్లి జన్మలో ఒక్క పోటీలో దిగకపోయినా దానికి డాక్టరుకి చూపించాల్సిందే, ఈ నెలలోనే చూపించండి. పోటీల పరీక్ష ఆ తర్వాత. ఈ రెండింటినీ ఒకే రోజు, ఒకే గదిలో, ఒకే కాగితం మీద కలిపేసినప్పుడే పిల్లలు నలిగిపోతారు.

నేను డాక్టరుని కాను. పర్లాకిమిడి చుట్టుపక్కల బడుల్లో ఇరవై తొమ్మిదేళ్లు ఆడపిల్లలకి పరుగు నేర్పాను. వాళ్లని డాక్టర్ల దగ్గరికి తీసుకెళ్లాను, రిపోర్టులు చేత్తో పట్టుకుని కారిడార్లలో కూర్చున్నాను. ఒక్క పిల్ల విషయంలో మాత్రం నోరు విప్పాల్సిన చోట విప్పలేదు. నౌపడా నుంచి గుణుపూర్‌కి చిన్న రైలు నడిచే రోజులవి. పొడుగ్గా, సన్నగా ఉండేది, మహేంద్రతనయ నది ఇసుకలో చెప్పుల్లేకుండా పరిగెత్తి పెరిగిన పిల్ల. ఒక మీట్‌లో గెలిచాక, ఓడిన జట్టు వాళ్లు ఏదో ఫిర్యాదు చేశారు. నిర్వాహకుల్లో ఒకావిడ ఈ పిల్లని గదిలోకి తీసుకెళ్లి తలుపేశారు. పావుగంట తర్వాత తలుపు తీసి "ఏం లేదు, తీసుకెళ్లండి" అన్నారు నాతో. లోపల ఏం చూశారు, ఎవరి అనుమతితో చూశారు అని నేను అడగలేదు. పతకం ఆ పిల్లకే ఇచ్చారు. రైల్లో దారి పొడుగునా కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మరుసటి వారం గ్రౌండుకి రాలేదు, ఆ తర్వాత బడికీ రాలేదు. నేను ఆ తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఇంత వివరంగా రాయడానికి కారణం అదే.

ఇప్పుడున్న నియమం ఇది. 2025 సెప్టెంబరు 1 నుంచి వరల్డ్ ర్యాంకింగ్ లెక్కకొచ్చే పోటీల్లో మహిళల విభాగంలో దిగాలంటే జీవితంలో ఒక్కసారి ఎస్‌ఆర్‌వై అనే జీన్ కోసం పరీక్ష చేయించుకోవాలని అథ్లెటిక్స్‌ని నడిపే ప్రపంచ సంస్థ వరల్డ్ అథ్లెటిక్స్ పెట్టింది. అదే నెలలో టోక్యోలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌తో అమల్లోకి వచ్చింది. బాక్సింగ్‌లో వరల్డ్ బాక్సింగ్ కూడా అదే ఏడాది ఇలాంటిదే తెచ్చింది. అథ్లెటిక్స్‌లో కోచ్ అన్నట్టు ఉమ్మి తీయరు. బుగ్గ లోపలి వైపు స్వాబ్, అంటే దూది పుల్ల, తిప్పి కణాలు తీస్తారు, లేదంటే రక్తం తీస్తారు. స్వాబ్‌కి నొప్పి ఉండదు, బట్టలు విప్పే పని అసలే ఉండదు. ఎవరైనా జీన్ పరీక్ష పేరు చెప్పి ఒళ్లు చూస్తామంటే ఒప్పుకోకండి. జిల్లా మీట్‌లకీ స్కూల్ గేమ్స్‌కీ వరల్డ్ అథ్లెటిక్స్ ఇది అడగలేదు. కాబట్టి కోచ్‌ని మర్యాదగానే అడగండి: ఏ పోటీ కోసం, ఏ నియమం కింద, ఎవరు అడుగుతున్నారు, కాగితం ఉందా అని. "అందరికీ చేస్తున్నారట" అన్న మాట మీద మాత్రం ఏ పిల్ల శాంపిలూ ఇవ్వకూడదు.

ఆ పరీక్షలో చూసేదేంటో మీ అమ్మగారికి ఇలా చెప్పండి. కోవిడ్ రోజుల్లో ముక్కులోంచి తీసి పీసీఆర్ చేశారు కదా, పద్ధతి అదే. అక్కడ వైరస్ ముక్క ఉందా అని వెతికారు, ఇక్కడ సాధారణంగా మగవాళ్లలో ఉండే వై క్రోమోజోమ్ మీది ఎస్‌ఆర్‌వై జీన్ ఉందా అని వెతుకుతారు. 1990లో కనిపెట్టిన జీన్ అది. కడుపులో బిడ్డకి ఆరేడు వారాలప్పుడు, అటూ ఇటూ తేలని గ్రంథిని వృషణంగా మారమని చెప్పేది అదే. ఆ గ్రంథి నుంచి టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ వస్తుంది, దాంతో శరీరం మగ తీరులో పెరుగుతుంది. సాధారణంగా జరిగేది ఇది.

అయితే ఈ వరసలో ఎక్కడైనా ఆగిపోవచ్చు. మీకు వంశధార తెలుసు కదా. కాలవలో నీరు నిండుగా పారుతున్నా చేనుకి తూము తెరుచుకోకపోతే మడి తడవదు. కొందరు ఆడపిల్లల్లో సరిగ్గా ఇదే జరుగుతుంది. క్రోమోజోములు సాధారణంగా మగవాళ్లకుండే ఎక్స్‌వై, జీన్ ఉంటుంది, టెస్టోస్టెరాన్ కూడా తయారవుతుంది, కానీ ఒంట్లో ఒక్క కణమూ దాన్ని అందుకోదు. పుట్టినప్పుడు ఆడపిల్లే, పెరిగినప్పుడు ఆడపిల్లే, రొమ్ములు వస్తాయి. గర్భసంచి ఉండదు కాబట్టి నెలసరి రాదు. డాక్టర్లు దీన్ని కంప్లీట్ ఆండ్రోజెన్ ఇన్‌సెన్సిటివిటీ అంటారు. ఇంకొందరిలో ఎస్‌ఆర్‌వై జీనే చెడిపోయి పని చేయదు. అది స్వయర్ సిండ్రోమ్‌లో ఒక రకం. ఇంకొందరిలో టెస్టోస్టెరాన్ పని చేస్తుంది గానీ, దాన్ని ఇంకాస్త బలమైన రూపంలోకి మార్చే ఎంజైమ్ ఉండదు. అలాంటి పిల్లలు పుట్టినప్పుడు ఆడపిల్లలా కనిపించి, వయసొచ్చాక గొంతూ కండా మారతాయి. పోటీల్లో అసలు చర్చ వీళ్ల గురించే.

స్వాబ్ వీళ్లందరికీ ఒకే జవాబిస్తుంది: జీన్ ఉంది. అది పని చేస్తోందా, టెస్టోస్టెరాన్ తయారవుతోందా, ఒళ్లు దాన్ని వాడుకుంటోందా అన్నది దాని వల్ల తెలియదు. ఆ జీన్‌ని కనిపెట్టిన వాళ్లలో ఒకరైన ఆస్ట్రేలియా శాస్త్రవేత్త ఆండ్రూ సింక్లెయిర్ ఈ పరీక్షని ఇందుకు వాడొద్దని 2025లో బహిరంగంగా రాశారు. శాంపిల్‌ని ముట్టుకున్న మగ టెక్నీషియన్ ఒంటి కణం ఒక్కటి కలిసినా తప్పు ఫలితం రావచ్చని కూడా హెచ్చరించారు. అందుకే మొదటిసారి "ఉంది" అని వస్తే రెండో శాంపిల్ తీసి మళ్లీ చేయించమని అడగండి. అప్పుడూ అదే వస్తే పెద్ద డాక్టర్లు చూడాలి. వరల్డ్ అథ్లెటిక్స్ నియమం కూడా టెస్టోస్టెరాన్ అసలు అందుకోని ఆ మొదటి రకం వాళ్లని మహిళల విభాగంలో ఆడనిస్తుంది. అంటే జీన్ ఉన్నంత మాత్రాన బయటికి పంపాలని పరీక్ష పెట్టిన వాళ్లు కూడా అనట్లేదు.

నా అభిప్రాయం కూడా చెప్తాను. మహిళల విభాగం అంటూ వేరుగా ఉండాలి. మగ శరీరంగా ఎదిగిన వాళ్లతో కలిపి పరిగెత్తిస్తే మన పిల్లలకి ఫైనల్లో గీత కూడా దొరకదు. ఆ విభాగాన్ని కాపాడాలనుకునే వాళ్లంతా చెడ్డవాళ్లని నేను అనను. నా కోపమంతా పిల్లకి చెప్పకుండా చేయడం మీద, ఫలితాన్ని పేపర్లకి వదలడం మీద, ఆ తర్వాత ఆమె ముఖం చూడకపోవడం మీద.

ఇలా పరీక్షల పేరుతో ఆడపిల్లల్ని నలిపే జబ్బు కొత్తగా వచ్చింది కాదు. 1966లో బుడాపెస్ట్‌లో యూరప్ ఛాంపియన్‌షిప్ అప్పుడు ఆడవాళ్లని డాక్టర్ల ముందు నగ్నంగా నడిపించారు. 1968 మెక్సికో ఒలింపిక్స్ నాటికి బుగ్గ కణాల్లో క్రోమోజోమ్ చూడటం మొదలైంది. స్పెయిన్ హర్డ్‌లర్ మరియా హోసే మార్తినెస్ పతీన్యో కథ మీ చెల్లికి తప్పకుండా చెప్పండి. 1983లో హెల్సింకిలో పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకుంది. 1985లో జపాన్‌లోని కోబేలో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయాల పోటీలకి వెళ్తూ ఆ సర్టిఫికెట్ ఇంట్లో మర్చిపోయింది. మళ్లీ పరీక్ష చేస్తే ఎక్స్‌వై అని వచ్చింది. గాయమైనట్టు నటించి తప్పుకోమన్నారు. తర్వాతి ఏడాది జాతీయ పోటీల్లోనూ అలాగే తప్పుకోమంటే ఆమె వినలేదు, పరిగెత్తి గెలిచింది. విషయం పేపర్లకి ఎక్కింది. స్కాలర్‌షిప్ పోయింది, పెళ్లి చేసుకోవాల్సిన మనిషి వెళ్లిపోయాడు, రికార్డుల్లోంచి పేరు తీసేశారు. ఆమెది నేను పైన చెప్పిన తూము తెరుచుకోని శరీరమే. పోరాడి 1988లో అనుమతి తెచ్చుకుంది. అప్పటికి ఆమె మంచి వయసు మూడేళ్లు పోయింది.

1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఇదే ఎస్‌ఆర్‌వై పరీక్ష 3,387 మందికి చేశారు. ఎనిమిది మందికి ఉందని తేలింది. ఎనిమిది మందినీ ఆడనిచ్చారు. 1999లో ఒలింపిక్ కమిటీ అందరికీ చేసే పరీక్షని ఆపేసింది. పాతికేళ్ల తర్వాత ఆ జీనే మళ్లీ వచ్చింది.

మధ్య కాలంలో అనుమానం వచ్చిన వాళ్లకే పరీక్ష చేసేవాళ్లు, 2011 నుంచి టెస్టోస్టెరాన్‌ని కొలమానం చేశారు. మన వాళ్లు ఇద్దరు ఈ పద్ధతుల కింద నలిగారు. శాంతి సౌందరరాజన్ తమిళనాడు పేద ఇంటి పిల్ల. 2006 దోహా ఆసియా క్రీడల్లో మీ చెల్లి పరిగెత్తే ఎనిమిది వందల మీటర్లలోనే వెండి పతకం గెలిచింది. పరీక్షలో ఫెయిలైందని పతకం వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత ఇటుక బట్టీలో కూడా పని చేసింది. చాలా ఏళ్లకి గానీ కోచ్‌గా నిలదొక్కుకోలేదు.

రెండో అమ్మాయి మన ఒడిశా పిల్లే. జాజ్‌పూర్ జిల్లా నేత ఇంటి ద్యుతీ చంద్. 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలకి ముందు, పద్దెనిమిదేళ్ల వయసులో, జట్టులోంచి తీసేశారు. ఒంట్లో సహజంగానే టెస్టోస్టెరాన్ ఎక్కువ, మందులో ఆపరేషనో చేయించుకుని తగ్గించుకుంటే రావచ్చు అన్నారు. నా ఒళ్లు నేనెందుకు మార్చుకోవాలి అని ఆ పిల్ల క్రీడల అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. 2015 జులైలో ఆ కోర్టు నియమాన్ని రెండేళ్లు నిలిపేసింది. ఆమె హైదరాబాద్‌లో ఉండి శిక్షణ తీసుకుంది, 2016 రియోలో వంద మీటర్లలో దిగింది, 2018 జకార్తా ఆసియా క్రీడల్లో రెండు వెండి పతకాలు తెచ్చింది. తర్వాత ఆమె మీద పడిన నిషేధం డోపింగ్ కేసు, దానికీ దీనికీ సంబంధం లేదు. రెండూ కలిపి మాట్లాడే వాళ్లు మీ వీధిలోనూ ఉంటారు, అప్పుడు ఈ తేడా చెప్పండి.

2018లో నియమం మార్చి 400 మీటర్ల నుంచి మైలు దాకా ఉన్న పరుగులకే పరిమితం చేశారు. మీ చెల్లి ఈవెంట్ అందులోనే ఉంది. రక్తంలో టెస్టోస్టెరాన్‌కి పెట్టిన హద్దు లీటరుకి 5 నానోమోల్. 2023లో దాన్ని 2.5కి దించి అన్ని ఈవెంట్లకీ పెట్టారు. ఎనిమిది వందల మీటర్ల ఒలింపిక్ విజేత, దక్షిణాఫ్రికా క్యాస్టర్ సెమెన్యా ఆగిపోయింది ఈ నియమాల దగ్గరే. 2025 జులైలో యూరప్ మానవ హక్కుల కోర్టు ఆమెకి న్యాయమైన విచారణ దక్కలేదని తీర్పిచ్చింది. నియమం తప్పా ఒప్పా అన్నది మాత్రం తేల్చలేదు.

ఇక మీ ఇంటి సంగతి. పరుగు పిల్లల్లో నెలసరి ఆలస్యమవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం తిండి చాలకపోవడం. పొద్దున్న టీ తాగి పది కిలోమీటర్లు, బడి, మళ్లీ సాయంత్రం ప్రాక్టీసు, రాత్రికి అన్నం, చారు. ఒంటికి అందేది ఖర్చుకి సరిపోకపోతే శరీరం మొదట ఆపేది నెలసరినే. ఎముకలూ బలహీనపడతాయి, కాలి ఎముకకి సన్న పగుళ్లు వస్తాయి. థైరాయిడ్ ఉండొచ్చు, గర్భసంచి పుట్టుకతో లేకపోవచ్చు, ఇంకా ఎన్నో కారణాలున్నాయి. పదిహేనేళ్లు దాటినా మొదలవకపోతే చూపించాలని డాక్టర్లు చెప్తారు. మీరు రెండేళ్లు ఆలస్యం చేశారు, ఇంకా చేయకండి.

డాక్టరుకి ఒక విషయం గుర్తుపెట్టుకుని చెప్పండి: చిన్నప్పుడు చెల్లికి గజ్జల్లో వాపు గానీ హెర్నియా ఆపరేషన్ గానీ జరిగిందా? ఆడపిల్లల్లో అది అరుదు. కొన్నిసార్లు లోపల దిగని వృషణమే ఆ వాపు. స్వయర్ ఉన్న వాళ్లలో లోపల మిగిలిపోయిన గ్రంథి గడ్డగా, క్యాన్సర్‌గా మారే ప్రమాదం ఎక్కువ, దాన్ని ముందే తీయించాలి. అందుకే "తెలియకపోతేనే నయం" అనే మీ అమ్మగారి మాట ఈ ఒక్క చోట ప్రాణం మీదికి తెస్తుంది.

బ్రహ్మపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో గైనకాలజీకి చూపించండి. హార్మోన్ల డాక్టరు కావాలంటే విశాఖ కేజీహెచ్‌కో భువనేశ్వర్ ఎయిమ్స్‌కో వెళ్లండి. ముందు మామూలు స్కానింగ్, రక్తపరీక్షలు చేస్తారు, అవసరమైతేనే క్యారియోటైప్, అంటే క్రోమోజోములు చూసే పరీక్ష, రాస్తారు. స్కానింగ్ సెంటర్లో "లింగ నిర్ధారణ నేరం" అన్న బోర్డు చూసి మీ అమ్మగారు కంగారు పడొచ్చు. ఆ 1994 చట్టం కడుపులో ఉన్న బిడ్డ గురించి. పదిహేడేళ్ల పిల్ల ఆరోగ్యం కోసం డాక్టరు చీటీ రాసిచ్చే క్రోమోజోమ్ పరీక్ష దాని కిందికి రాదు.

డాక్టరు చూశాక, పోటీ పరీక్ష నిజంగా కావాలంటే, సంతకం పెట్టే ముందు ఇవి చూసుకోండి. సరిహద్దులో ఉన్న మనకి పేర్ల తంటా ఒకటుంది. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, ఒడియా మార్కుల జాబితాలో చివర, పాస్‌పోర్టులో ఇంకోలా. జీవితంలో ఒకేసారి చేసే పరీక్ష ఇది, పేరు పాస్‌పోర్టుతో అక్షరం అక్షరం కలవాలి. లేకపోతే రేపు మళ్లీ స్వాబ్ అంటారు. ఒప్పంద పత్రం ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. మీ అమ్మగారికి తెలుగు తప్ప చదవడం రాకపోతే, ప్రతి పేరా తెలుగులో చదివి వినిపించాకే సంతకం పెట్టించండి. చెల్లికి ఇంకా పద్దెనిమిది నిండలేదు కాబట్టి పెద్దవాళ్ల సంతకం అడుగుతారు. అయినా ఆ పిల్ల సరే అనకుండా మీరు పెట్టకండి. ఫలితం ఎవరి చేతికి వెళ్తుంది, ఎన్నాళ్లు ఉంచుతారు, మిగిలిన శాంపిల్ ఏం చేస్తారు అని అడిగి రాయించుకోండి. కోచ్ ఫోన్‌కి వాట్సాప్‌లో రిపోర్టు రావడానికి ఒప్పుకోకండి. కోచ్ మంచివారే కావచ్చు. కానీ ఆ ఫోన్ ఎంతమంది చేతుల్లో తిరుగుతుందో మీకు తెలియదు.

ఒకవేళ "ఉంది" అని వస్తే, ఆ రోజే ఎవరికీ ఏమీ రాసివ్వకండి. "గాయమైంది, తప్పుకుంటున్నాను" అని కూడా. రెండో శాంపిల్, తర్వాత హార్మోన్ల డాక్టరు, తర్వాత అప్పీలు, అన్నిటికీ దారులున్నాయి. ఆ కాగితం పోటీలో అర్హత గురించే. మీ చెల్లి ఆధార్‌లో స్త్రీ అన్న మాట దాని వల్ల మారదు, ఆమె మీ చెల్లి కాకుండా పోదు. ఈ మాట ఫలితం రాకముందే, స్వాబ్ ఇవ్వకముందే, మీ నోటితో ఆ పిల్లకి చెప్పండి. వచ్చాక చెప్తే ఓదార్పులా వినిపిస్తుంది.

ఊళ్లో "ఇంకా పండగ చేయలేదేం?" అని అడిగే పెద్దమ్మలకి "డాక్టరుకి చూపిస్తున్నాం పెద్దమ్మా" అని చెప్పి అక్కడితో ఆపేయండి. ఇంకొక్క మాట కలిపితే అది కాశీనగర్ నుంచి పాతపట్నం చేరేసరికి నాలుగు మాటలవుతుంది.

బ్రహ్మపురం వెళ్లడానికి మీ అమ్మగారు ఒంటరిగా జంకుతుంటే చెప్పండి, నేనూ వస్తాను. వెళ్లే ముందు చెల్లి పాత ఆసుపత్రి కాగితాలు, ముఖ్యంగా చిన్నప్పుడు ఏదైనా ఆపరేషన్ జరిగి ఉంటే ఆ డిశ్చార్జి చీటీ, వెతికి పెట్టండి. డాక్టరు మొదట అడిగేది అదే.